నాగమణి కనిపించిన రెండు సెకన్లు

2022 వేసవి. కరోనా భయం తగ్గి, వాయిదా పడిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడిన ఏడాది. తెనాలిలో బోసు రోడ్డు వెనక సందులో, ఒక బట్టల కొట్టు పైన గదిలో నా ఎడిటింగ్ పని. మా ఊళ్ళో దీన్ని ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటారు. ఎనిమిది గంటల పెళ్ళిని మూడు గంటలకి కుదించి, జీలకర్ర బెల్లం దగ్గర ఒక పాట, అప్పగింతల దగ్గర ఒక పాట వేసి, విస్తరి ముందు నుంచి అలిగి లేచిపోయిన మేనమామని జాగ్రత్తగా తీసేసి ఇవ్వడం. పదహారేళ్ళుగా అదే పని. మా ఆయన షూట్ చేసేవారు, నేను కూర్చేదాన్ని. విజిటింగ్ కార్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉండేది.

ఎడిటర్ అంటే ముక్కలు అతికించే మనిషి అనుకుంటారు చాలామంది. నా లెక్కన ఆ పనిలో మూడొంతులు తీసెయ్యడమే. ఎవరి ముఖం ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఎవరి మాట ఎక్కడ ఆగాలి, ఇవన్నీ మా చేతిలో ఉంటాయి. పెళ్ళిళ్ళలో తప్పు చేస్తే మహా అయితే వియ్యపురాలికి కోపం వస్తుంది. అందుకే ఆ పని ఎంత ప్రమాదమైనదో పదహారేళ్ళలో నాకు తెలియలేదు.

ఆ జూన్‌లో మృదులగారు మా గది మెట్లెక్కారు. హైదరాబాద్ ఆవిడ, డాక్యుమెంటరీలు తీస్తారు. చేనేత చీర, భుజాన గుడ్డసంచి, మెత్తటి మాట. రేపల్లె చుట్టుపక్కల నలుగురు ఆడవాళ్ళు ఫోన్లతో వార్తలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారనీ, వాళ్ళ మీద సినిమా తీస్తున్నాననీ చెప్పారు.

"వాళ్ళ మాట మా హైదరాబాద్ ఎడిటర్‌కి సగమే అర్థమవుతోందండీ. మీరు ఈ ప్రాంతం వారు, పైగా ఆడవారు. ఈ సినిమాకి అన్ని పనులూ ఆడవాళ్ళే చెయ్యాలని నా పట్టుదల" అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. టైటిల్స్‌లో ఎడిటర్‌గా నా పేరు పడుతుందన్నారు, అది ఇంకా నచ్చింది. దాచుకోవడం దేనికి, పదహారేళ్ళు మొగుడి పేరు కింద పని చేసిన మనిషికి తన పేరు తెర మీద పడుతుందంటే కాళ్ళు నేల మీద ఆనవు.

ఆ నలుగురిలో ముగ్గురు దళితవాడల వాళ్ళు, ఒకామె యానాది. వాళ్ళకి పెద్ద ఎస్తేరు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, ఇంటర్ తప్పింది. లూథరన్ గుడిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిగా చేసి చేసి నలుగురిలో నిలబడి మాట్లాడడం నేర్చుకున్నానని చెప్పేది. ఛానల్ పెట్టకముందు ఒక పత్రికకి కంట్రిబ్యూటర్‌గా చేసింది. కంట్రిబ్యూటర్ అంటే జీతం లేని పల్లెటూరి విలేకరి. వార్త రాసి పంపితే పట్నంలో డెస్కు వాళ్ళు దాన్ని తిరగరాస్తారు. ఒకసారి తమ మండలంలోనే చదువుకునే పిల్లని బస్సులో ఎవడో ఏడిపిస్తుంటే ఎస్తేరు ఆ సంగతి పేరు లేకుండా రాసింది. డెస్కులో ఎవరో ఆ పిల్ల తండ్రి పేరూ, ఊరూ కనుక్కుని మరీ చేర్చారు. మర్నాడే ఇంట్లోవాళ్ళు ఆ పిల్ల చదువు మాన్పించారు. ఎస్తేరు ఆ పత్రిక పని మానేసింది.

అందుకే సొంతంగా ఛానల్ పెట్టుకున్నప్పుడు ఒక్క నియమం పెట్టింది. ఎవరు మాట్లాడినా, ఆ వీడియో బయటికి వెళ్ళే ముందు వాళ్ళింటికి వెళ్ళి ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టాలి. మొదట తీసింది తీసినట్టు చూపించాలి, తరవాత కత్తిరించింది చూపించాలి. "ఉంచమంటావా, తియ్యమంటావా?" అని అడగాలి. తియ్యమంటే తియ్యాలి, కారణం అడక్కూడదు. దీన్ని వాళ్ళు "చూపెట్టుకోడం" అనేవాళ్ళు. ఒకళ్ళు వీడియో పంపబోతుంటే ఇంకొకళ్ళు "ఇంకా చూపెట్టుకోలా, పంపమాక" అని చెయ్యి పట్టుకోవడం ఆ ఫుటేజీలో ఎన్నిసార్లు చూశానో.

ఒకసారి మృదులగారితో మా గదికి వచ్చినప్పుడు నేనే ఎస్తేరుని ఆటపట్టించాను. "ఇట్లా ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటూ కూర్చుంటే వార్త చల్లారిపోదూ?"

"చల్లారితే చల్లారుద్ది అక్కా. చద్దన్నం తిని పెరిగినోళ్ళమే. ఒకళ్ళ నోటికాడది లాక్కొచ్చి వేడివేడిగా తిని ఏం జేసుకుంటాం?" అంది. నవ్వుతూనే అంది. ఆ రోజుల్లో నేను తనకి అక్కని.

ఇక నాగమణి సంగతి. ఆ వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. చెరువు నుంచి వచ్చిన రొయ్యకి తలా తోలూ తీసి ఎగుమతికి సిద్ధం చేసే చోటుని పీలింగ్ షెడ్డు అంటారు. తెల్లవారేసరికి ఆడవాళ్ళు ఐసునీళ్ళలో చేతులు పెట్టి నిలబడతారు, పొద్దు వాలేదాకా నిలబడే ఉంటారు. నాగమణి అలాంటి ఒక షెడ్డులో పని చేసేది. అక్కడి సూపర్‌వైజర్ చేతులు ఊరుకునేవి కావు. ఆ చెయ్యి తోసేసిన మనిషికి మర్నాడు పని లేదనేవాడు. సంగతి షెడ్డు మొత్తానికి తెలుసు. నోరు విప్పింది నాగమణి ఒక్కతే.

ఎస్తేరుని నమ్మి విప్పింది. ముఖం కనపడకూడదు, గొంతు గుర్తుపట్టకూడదు అంది. ఎస్తేరు తన ఫోన్‌లో నాలుగు క్లిప్పులు తీసి, ముఖం మసక చేసి, గొంతు మార్చి, చూపెట్టుకుని, అప్పుడు బయటికి వదిలింది. పది రోజుల్లో అధికారులు వచ్చారు. సూపర్‌వైజర్‌ని తీసేశారు. ఎవరు చెప్పారో కనిపెట్టాలని షెడ్డు మేనేజరు చెయ్యని ప్రయత్నం లేదు. రోజూ పొద్దున పనిలోకి తీసుకునేటప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు, బెదిరించాడు, బతిమాలాడు. అరవైమంది ఆడవాళ్ళలో ఒక్కరి నోరు జారలేదు. నాగమణి మర్నాడు కూడా వాళ్ళ మధ్యే నిలబడి రొయ్య తలలు తీసింది. ఆ నలుగురు ఇన్నేళ్ళలో సాధించినదానిలో ఇదే పెద్దది.

ఇదంతా జరుగుతుండగా మృదులగారి కెమెరా పక్కనే ఉంది. నాగమణికి చూపెట్టుకునే రోజు కూడా వెళ్ళింది. వీపు వైపు నుంచి అయితేనే తియ్యమంది నాగమణి. అలాగే తీశారు. మధ్యాహ్నం ఎండలో, ఇంటి గుమ్మంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నాగమణి చేతిలో ఫోన్, తెర మీద ఎస్తేరు వేలు. భుజం మీదుగా తీసిన షాట్. అందంగా ఉంది, అబద్ధం చెప్పను. ఆ షాట్ చూడగానే మృదులగారు కుర్చీలోంచి లేచారు.

"పద్మగారూ, నా సినిమా అంతా ఇందులో ఉంది. నాయకత్వం అంటే ఇదేనండీ."

నిజమే అనిపించింది నాకు.

ముఖం కనపడకుండా చెయ్యడాన్ని మా పనిలో మాస్క్ అంటాం. ముఖం మీద గుండ్రంగా ఒక మసక వేసి, మనిషి తల తిప్పితే మసకా తిరిగేలా ఒక్కో ఫ్రేమూ సరిచూడాలి. సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు. ఎస్తేరు ఫోన్‌లో తీసిన ఆ నాలుగు క్లిప్పులూ, మసక వెయ్యని అసలువే తీసుకుని, సినిమాలో వాడుకున్నాం. వాటికి మాస్క్ వెయ్యడానికి వారం రోజులు కూర్చున్నాను. చెవి కమ్మ అంచు కూడా కనపడనివ్వలేదు. ఇంతకన్నా శ్రద్ధగా ఎవరు చేస్తారని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

నవంబరుకి సినిమా పూర్తయింది. విదేశంలో ఏదో చిత్రోత్సవానికి పంపే గడువు దగ్గర పడింది. అంతకుముందే మృదులగారు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. సినిమా విడుదలయ్యేదాకా బయటివాళ్ళెవరికీ చూపించనని. ఈ పనిలో అది మామూలే. ఎస్తేరు మాత్రం మొదటిరోజే మృదులగారితో అందట, మా గురించి తీసింది మాకూ చూపెట్టాలని. ఆవిడ సరేనన్నారట. సరేనన్నారు కాబట్టి ఒక లింకు పంపారు, పాస్‌వర్డ్ పెట్టి. గంటన్నర సినిమా. ఎస్తేరు వాళ్ళ వాడలో సిగ్నల్‌కి ఒక పాట వినడమే గగనం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉందట రెండు రోజులూ.

మూడో రోజు పొద్దున రేపల్లె నుంచి పాసింజరు బండిలో ఎస్తేరు తెనాలి వచ్చింది. చెప్పులు బయట విప్పి, గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రా ఎస్తేరూ, అదేంటి?"

"అక్కా, ఆ సినిమా మీ కంప్యూటర్లో ఉంటది గదా. ఒక్కసారి చూపెట్టండి, చూసుకుని మధ్యాహ్నం బండికి పోతా."

నా వెనక తెర మీద సినిమా తెరిచే ఉంది. మృదులగారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. లింకు పంపాం కదా, ఇప్పుడు మార్పులకి సమయం లేదు, రేపే ఆఖరు, దయచేసి ఇబ్బంది పెట్టొద్దు అని.

"మేడమ్ ఇప్పుడు మార్పులు కుదరవంటున్నారమ్మా" అన్నాను.

"మార్చటానికి గాదక్కా. చూట్టానికి."

"నేను సంతకం పెట్టాను ఎస్తేరూ. మాట పోతుంది నాది."

"బయటోళ్ళకి చూపించనని పెట్టారా? నేను బయటిదాన్నా?"

దానికి నేనేం చెప్పానో ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "అట్లా అంటే ఎట్లా, మేం చెడ్డగా తీస్తామా మీ గురించి?" అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి. తను అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. అసలు కారణం సంతకమూ కాదు. చూస్తే ఇది తియ్యి, అది తియ్యి అంటుంది, గడువు దాటుతుంది, నా పేరు పడే సినిమా ఆగిపోతుందని భయం. మెట్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. తాగింది. గ్లాసు కడిగి గోడ పక్కన బోర్లించింది. మా దగ్గర గ్లాసు కడగక్కర్లేదమ్మా అని కూడా అనలేదు నేను. బండి వేళ దాకా అక్కడే కూర్చుని వెళ్ళిపోయింది.

ఆ గంటన్నర తనకి చూపించి ఉంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. తన కంటికి అది దొరికిపోయేది.

సినిమా చిత్రోత్సవానికి వెళ్ళింది, మెప్పు పొందింది. ఫిబ్రవరిలో మృదులగారు రెండు నిమిషాల ట్రైలర్ వదిలారు. ట్రైలర్ హైదరాబాద్‌లో కట్ చేయించారు, షాట్లు మాత్రం నేను కూర్చిన సినిమాలోంచి తీసుకున్నవే. మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో నా పేరు తిరిగింది. జంపనిలో ఉండే మా పెద్దత్తగారు ఫోన్ చేసి, "ఏమే పద్మా, సినిమా వాళ్ళలో కలిసిపోయావంట" అన్నారు. మూడు రోజులు నేల మీద నడవలేదు నేను.

నాలుగో రోజు ఎస్తేరు ఫోన్ చేసింది.

"పద్మగారండీ, నిమిషం మీద పదకొండో సెకను చూడండి."

అక్క పోయి గారండీ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని అక్కడ ఆపి చూశాను. గుమ్మం షాట్. నాగమణి వీపు, ఎస్తేరు వేలు. నాగమణి చేతిలోని ఫోన్ తెర మీద, మసక వెయ్యని నాగమణి ముఖం. తీసింది తీసినట్టు మొదట చూపించాలన్నది వాళ్ళ నియమం కదా, కెమెరా తిరుగుతున్నప్పుడు వాళ్ళు చూస్తున్నది అదే. రెండు సెకన్లు. యాభై ఫ్రేములు. పెద్దది చేసి చూస్తే కనుబొమ మీది పుట్టుమచ్చతో సహా తెలుస్తోంది.

ఎలా తప్పిపోయిందో చెబుతాను, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. ఫుటేజీ అంతా మనుషుల పేర్లతో ఫోల్డర్లలో పెట్టుకుంటాం. నాగమణి అన్న ఫోల్డర్‌లోని ప్రతి క్లిప్పుకీ మాస్క్ వేశాను. ఈ షాట్ ఎస్తేరు ఫోల్డర్‌లో ఉంది. నా దృష్టిలో అది నాగమణి కనపడని షాట్, అందుకే నాగమణి కోసం వెతకలేదు. ఆ షాట్‌ని కనీసం నూరుసార్లు చూసి ఉంటాను. వెలుగు చూశాను, వేలు చూశాను, దేని పక్కన వేస్తే బాగుంటుందో చూశాను. మృదులగారూ, హైదరాబాద్‌లో రంగులు దిద్దినవాళ్ళూ, శబ్దం కూర్చినవాళ్ళూ చూశారు. మాకెవరికీ ఆ ముఖంతో పని లేదు. నాగమణిని కాపాడడానికి పెట్టుకున్న పద్ధతినే అందంగా చిత్రీకరించి, దానితోనే ఆమెని పట్టించాం.

షెడ్డు వైపు ఎవడో ఆ ఫ్రేము ఆపి, ఫొటో తీసి, ముఖం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి వదిలాడు. అది సాయంత్రానికి ఆ చుట్టుపక్కల షెడ్లన్నిటికీ చేరింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర నాగమణిని ఆపేశారు. రెండో షెడ్డులో ఆపేశారు. మూడో షెడ్డు వాళ్ళయితే ఫోన్ తీసి బొమ్మతో పోల్చి చూసి మరీ వెనక్కి పంపారు. తీసేసిన సూపర్‌వైజర్ మనుషులు ఆమె భర్తని సెంటర్‌లో నిలదీశారు. వారం తిరక్కుండానే పిల్లలిద్దరినీ బడి మాన్పించి, మొగుడూ పెళ్ళాం నెల్లూరు వైపు పనికి వెళ్ళిపోయారు. నాగమణి వాళ్ళ వాడలో ఆడవాళ్ళు ఎస్తేరు కనిపిస్తే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. "చూపెట్టుకుంటాం అన్నావే, ఊరంతటికీ చూపెట్టావు" అన్నదట ఒక ముసలామె.

మృదులగారు ఫోన్‌లో ఏడ్చారు. ఆ ఏడుపు దొంగదని నేననను. ఏడ్చాక అన్నారు: "రెండే సెకన్లు కదండీ, ఎంత దురదృష్టం. ట్రైలర్ తీసేయించాను. మీరు సినిమాలో నాగమణి ట్రాక్ మొత్తం తీసేయండి, మళ్ళీ ఏ సమస్యా రాకూడదు. ఈ సంగతి బయట ఎక్కువ మాట్లాడకపోతే మంచిది, సినిమాకీ, ఎస్తేరుకీ."

తీసేశాను. పదకొండు నిమిషాలు. ఒక పూట పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మేం మహా చురుకు. ఇప్పుడు సినిమాలో ఎస్తేరు షెడ్డు ముందు నుంచి నడిచి వెళుతుంది, తరవాత అధికారుల జీపు వస్తుంది, తరవాత సూపర్‌వైజర్‌ని తీసేశారన్న అక్షరాలు పడతాయి. అతుకు ఎక్కడా తెలియదు. నేను మంచి ఎడిటర్‌ని కదా.

మార్చిలో మహిళా దినోత్సవానికి బాపట్లలో ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన పెట్టారు. వేదిక వెనక పెద్ద బ్యానర్, అట్టడుగు మహిళల నాయకత్వం అని. నేనూ వెళ్ళాను. ఎస్తేరు రాదనుకున్నాను, వచ్చింది. మిగతా ముగ్గురూ రాలేదు. సినిమా అయ్యాక వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి మైకు ఇచ్చారు.

"నేను చెప్పేది ఒక్కటేనండి. ఇందులో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి వల్లే షెడ్డులో వాడు పోయాడు. నా వల్ల గాదు. ఆమె మొహం వీళ్ళు బయటపెట్టారు. నాకు చూపెట్టమని తెనాలి దాకా పోయి అడిగా, చూపెట్టలేదు. ఆమె ఇయ్యాల ఊళ్ళో లేదు. నేను ఆమెకి మాటిచ్చా, ఆ మాట పోయింది. ఇంక నా ముందు ఎవరు నోరు తెరుస్తారు చెప్పండి? నన్ను నాయకురాలు అనమాకండి."

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఎంత ధైర్యంగా మాట్లాడిందో అనుకుంటూ నా పక్కన కూర్చున్న లెక్చరర్ కళ్ళు తుడుచుకుంది. తను మా మీద నేరం చెబుతోందని ఒక్కరికీ తట్టలేదు. అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. ఎస్తేరు ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడి చూసింది, శాలువా మడిచి కుర్చీలో పెట్టి కిందికి దిగి వెళ్ళిపోయింది. ఆ ప్రసంగం వీడియో ఇప్పటికీ సినిమా పేజీలో ఉంది, షెడ్డులో వాడు పోయాడు అన్నంతవరకూ. ఆ కత్తిరింపు నాది కాదు. ఇంత చేసినదాన్ని ఆ ఒక్కటి కాదని చెప్పుకోవడం ఎందుకో నాకే తెలియదు.

జూన్‌లో రేపల్లె వెళ్ళాను. ఛానల్ ఆగిపోయింది. ఒకామె కుట్టుమిషను పెట్టుకుంది, ఇద్దరు కూలికి వెళుతున్నారు. ఎస్తేరు ఒక్కతే ఇంకా ఫోన్ పట్టుకుని తిరుగుతోంది, రోడ్డు గుంటలూ, ఎండిన కాలవలూ తీస్తోంది. మనుషులెవరూ మాట్లాడని వార్తలు. గుమ్మం ముందు నవారు మంచం వేసి కూర్చోమంది. క్షమించమని అడిగాను.

"నన్నడిగితే ఏం ఉపయోగమండీ. నేనేం పోగొట్టుకోలేదు, నాలుగు మాటలు పడ్డా అంతే" అంది. ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి నా ముందు మంచం మీద పెట్టింది. "ఆమెతో మాట్టాడండి."

అవతల నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. ఇంకో షెడ్డు కాబోలు. నేను ఎవరో చెప్పుకున్నాను. తప్పు నాదేనని చెప్పాను. నాగమణి విసుక్కోలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అయిపోయింది గదండీ" అంది. "ఆ సినిమా ఇంకా ఆడతందా?" అని అడిగింది.

"ఆడుతోందమ్మా. నీ ముఖం మాత్రం ఇప్పుడు ఎక్కడా లేదు. మొత్తం తీసేశాం. ఇంక భయం లేదు."

"మొత్తం అంటే?"

"నువ్వు మాట్లాడింది, నీ ఇల్లు, అన్నీ."

"నేను చెప్పిన మాటలు గూడా?"

"అవును."



"మొహం ఎట్టాగూ అందరూ చూశారు గదండీ. పని పోయింది, ఊరు పోయింది. ఇంక దాచేదేముంది? ఆ మాటలన్నా ఉంచకపోయారా. వాడి సంగతి చెప్పింది నేనని ఎక్కడో ఒకచోట ఉండేది" అంది. తరవాత నెమ్మదిగా అడిగింది: "పెట్టేటప్పుడు అడగలేదు సరే. తీసేటప్పుడన్నా నన్ను అడగాలనిపించలేదాండీ?"

ఎస్తేరు నా వైపు చూడలేదు. కాలవ వైపు చూస్తూ కూర్చుంది.

నిజం చెప్పాలంటే ఆ ఆలోచనే రాలేదు. తప్పు దిద్దుతున్నాననుకున్నానే గానీ, దిద్దే హక్కు ఎవరిదో అనుకోలేదు. మళ్ళీ అదే తప్పు చేశాను. ఈసారి ఇంకా శుభ్రంగా చేశాను.

ఇదంతా నాకు నేర్పింది చెప్పమంటే ఇంతే చెప్పగలను. మనిషి ముఖం తెర మీద పెట్టడానికి అడగాలని మాలో కొందరికైనా తెలుసు. తీసెయ్యడానికి కూడా అడగాలని ఎవరికీ తెలియదు. వెనకబడినవాళ్ళ కథ చెబుతున్నామని గొప్పలు పోతాం, ఆ కథ ఎవరిదో వాళ్ళని మెట్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తాం. టైటిల్స్‌లో నా పేరు ఇప్పటికీ ఉంది. తీసెయ్యమని మృదులగారిని అడిగాను, అది చట్టం ప్రకారం కుదరదన్నారు. నా పేరు తీయడానికి చట్టం అడ్డొచ్చింది, చూడండి.

ఇది అచ్చుకి ఇచ్చే ముందు ఎస్తేరు ఇంటికి వెళ్ళి తనకి చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయించింది, కారణం అడగలేదు నేను. తరవాత నాగమణికి ఫోన్‌లో చదివాను. పేరు మార్చనా అంటే వద్దు, అసలుదే వెయ్యమంది. అంతా విని, "బాగానే రాశారండీ" అంది. "ఇది సినిమాలో ఎప్పుడు పెడతారు?" అని అడిగింది.

పెట్టరని చెప్పాను.